తండా భాష మీద పని చేస్తానన్న బిడ్డకు

నల్లగొండ

బిడ్డా,

డిగ్రీ అయిపోవస్తోంది, ఎం.ఏ. లింగ్విస్టిక్స్‌లో, అంటే భాషాశాస్త్రంలో చేరాలా, లేక అందరిలాగా గ్రూప్స్ కోచింగ్‌కు హైదరాబాద్ అశోక్‌నగర్ పోవాలా అని అడిగావు. నాన్న గ్రూప్సే అంటున్నాడని, అమ్మ ఎటూ చెప్పడం లేదని రాశావు. నాన్న మీద కోపం పెట్టుకోకు. దేవరకొండ అవతలి తండా నుంచి ఆడపిల్లను నల్లగొండ దాకా పంపి చదివించిన మనిషి, నెల తిరిగేసరికి జీతం వచ్చే నౌకరీ కోరుకోడా మరి? అయినా అడిగింది నన్ను కాబట్టి, నేను బతుకంతా నడిచిన దారి గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. చేరు. కానీ "మా భాష నాకు వచ్చు గదా" అన్న ధైర్యం ఒక్కటే చూసుకొని చేరకు. ఆ ధైర్యం రెండో సెమిస్టర్ దాటదు.

మాట్లాడటం వేరు, ఆ మాట ఎక్కడినుంచి ఎట్లా వచ్చిందో తేల్చడం వేరు. "మనం", "మేము" సంగతే చూడు. ఎదుటివాళ్లను కలుపుకొంటే మనం, వదిలేస్తే మేము. ఇది ద్రావిడ భాషల లక్షణమని క్లాసులో మొదట్లోనే చెప్తారు. మీ గోర్ బోలీలో, అంటే లంబాడీలో, అలాంటి తేడా కనబడగానే "ఇది తెలుగు నుంచి వచ్చింది" అని రాసేయాలనిపిస్తుంది. అక్కడ ఆగాలి. గుజరాతీలో "ఆపణే", "అమే" అని వేరువేరుగా ఉన్నాయి. మరాఠీలో "ఆపణ్", "ఆమ్హీ" ఉన్నాయి. అంటే మీ పెద్దలు ఉత్తరాది నుంచి దిగివస్తున్నప్పుడే ఆ తేడా వాళ్ల నోట్లో ఉందా, ఇక్కడికొచ్చాక తెలుగు పక్కన బతకడం వల్ల గట్టిపడిందా? తెలుగు, లంబాడీ రెండే తెలిసిన మనిషి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. మార్వాడీ, గుజరాతీ, మరాఠీ, దక్కనీ ఉర్దూ వ్యాకరణాలు కూడా తిరగేసిన మనిషే చెప్పగలదు. నీకు నేను ఇవ్వగలిగిన సలహాల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే: నీ భాషను పట్టుకో, కానీ దాని చుట్టుపక్కల భాషల్లోనే నీ చదువంతా ఉందనుకో.

అట్లా చూస్తే నువ్వు పుట్టిన చోటు మామూలు చోటు కాదు. 1956లో మరే ఎమెనో అనే అమెరికన్ పండితుడు "భాషాక్షేత్రంగా భారతదేశం" అని ఒక వ్యాసం రాశాడు. కుటుంబాలు వేరైనా పక్కపక్కన బతికిన భాషలు ఒకదాని లక్షణాలు ఇంకొకటి ఎట్లా తీసుకుంటాయో అందులో చూపించాడు. తర్వాత 1971లో గంపర్జ్, విల్సన్ అనే ఇద్దరు మహారాష్ట్రలో కన్నడ సరిహద్దుకు దగ్గరగా ఉన్న కుప్వాడ్ ఊరి మీద రాసిన వ్యాసం వచ్చింది. ఒకే ఊళ్లో కన్నడం, మరాఠీ, ఉర్దూ మాట్లాడేవాళ్లు తరతరాలుగా కలిసి బతికేసరికి మూడింటి వాక్య నిర్మాణం దాదాపు ఒకటైపోయిందని, పదాలు మాత్రం వేరుగా నిలిచాయని వాళ్లు చూపించారు. ప్రపంచంలో ఎక్కడ భాషా సంపర్కం గురించి పాఠం చెప్పినా కుప్వాడ్ పేరు వస్తుంది. మరి మన నారాయణపేట, మక్తల్ వైపు ఏం తక్కువ? తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఒకే బజారులో వినబడతాయి. మహబూబ్‌నగర్‌లో దక్కనీ మాట్లాడేవాళ్లు "అని" అనాల్సిన చోట "బోల్‌కే" అంటారు. మాట ఉర్దూదే, వాడుక మాత్రం మన "అని"దే. దేవరకొండ చుట్టూ తండాలు. ఎరుకల వాళ్ల భాష తమిళానికి దగ్గరి ద్రావిడ భాష. అమ్రాబాద్ అడవుల్లోని చెంచులది వేరే భాష అని చాలామంది అనుకుంటారు గానీ, వాళ్లు మాట్లాడేది తెలుగులోనే ఒక రకం. కులాన్ని బట్టో, తెగను బట్టో భాషను ఊహించుకోవద్దని ఇది చూస్తేనే తెలుస్తుంది.

మీ భాష మీద పని ఎవరూ చేయలేదని అనుకోకు. బ్రిటిష్ కాలపు అధికారి గ్రియర్సన్ తన భారతీయ భాషల సర్వేలో తొమ్మిదో సంపుటం మూడో భాగంలో బంజారీ గురించి రాశాడు. బంజారీ, లమాణీ అన్నవి మీ భాషకే వేరే పేర్లు. రోనాల్డ్ ట్రెయిల్ రాసిన లమాణీ వ్యాకరణం 1970లో అచ్చయింది. ఈ రెండూ చదవకుండా సినాప్సిస్, అంటే పరిశోధన ప్రతిపాదన, రాయొద్దు. 2011 జనాభా లెక్కల్లో లంబాడీని మాతృభాషగా చెప్పినవాళ్లు 32 లక్షలకు పైనే ఉన్నారు. కానీ ఆ లెక్కంతా హిందీ కింద కలిపేశారు. నాకు ఇది మొదటినుంచీ బాధ కలిగించే విషయం. ఇంతమంది మాట్లాడే భాషకు భాషల జాబితాలో సొంత వరుస లేదు. ఆ వాదన గట్టిగా వినిపించాలంటే వ్యాకరణం కావాలి, నిఘంటువు కావాలి, రికార్డింగులు కావాలి. ఉపన్యాసాలతో అయ్యే పని కాదు.

చదువు ఎక్కడ అంటావా? ఉస్మానియాలో లింగ్విస్టిక్స్ శాఖను 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి మొదలుపెట్టారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం ఉంది. అక్కడే ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూ ఉంది. పొరుగున పుణె డెక్కన్ కాలేజీ, చిదంబరంలో అన్నామలై యూనివర్సిటీ ఉన్నాయి. ఇల్లు దగ్గరని ఒకటి, పేరుందని ఒకటి ఎంచుకోకు. ఫీల్డ్‌వర్క్ స్వయంగా చేసిన మాస్టారు, మీ లంబాడీ చెందిన ఆర్య భాషల చరిత్ర తెలిసిన మాస్టారు ఎక్కడున్నారో ముందు కనుక్కో. వాళ్ల దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్లకు ఫోన్ చేసి, చాప్టర్ ఇస్తే ఎన్నాళ్లకు చదివి ఇస్తారో అడుగు. ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడితే తర్వాత ఏళ్లకు ఏళ్లు పోతాయి.

తెలుగు మీడియం, ఇంగ్లీష్ టెన్షన్ అన్నావు. కృష్ణమూర్తి గారు ఆంధ్రా యూనివర్సిటీలో తెలుగు ఆనర్స్ చదివి, ఆ తర్వాత అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీ నుంచి 1957లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. ద్రావిడ భాషల మీద 2003లో ఆయన రాసిన కేంబ్రిడ్జి గ్రంథం ఇవ్వాళ ఎవరైనా ముందు తెరిచే పుస్తకం. మన శాస్త్రంలో ఇంగ్లీష్ అంటే కవిత్వం కాదు, చిన్న చిన్న వాక్యాల్లో సూటిగా చెప్పడమే. రోజూ ఒక పేజీ చదివి, దాన్ని నీ మాటల్లో ఐదు వాక్యాలు రాయి. ఏడాదిలో భయం పోతుంది.

డబ్బు విషయం నాన్నకు చూపించు. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం వేరు. పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెడతారు. మొదటి పేపర్‌లో 50, రెండో పేపర్‌లో 100 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పు రాస్తే మార్కులు కోయరు. ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఇచ్చే నేషనల్ ఫెలోషిప్ కూడా ఉంది, దానికీ అప్లై చెయ్యి. రెండు ఫెలోషిప్‌లు ఒకేసారి తీసుకోలేవు, కానీ రెండింటికీ కాగితాలు సిద్ధంగా పెట్టుకోవడంలో నష్టం లేదు. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ ఇప్పుడే తీసిపెట్టుకో, చివరి తేదీనాడు మీసేవ ముందు లైన్లో నిలబడొద్దు.

ఇక అసలు పని. ఎం.ఏ.లో చేరేదాకా ఆగకుండా ఈ ఎండాకాలమే మొదలుపెట్టు. ఇంట్లో పెద్ద మనిషి ఎవరినైనా కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడించు. పాట వద్దు. తీజ్ పండుగ పాటలు ఎంత అందంగా ఉన్నా వ్యాకరణం పని వాటితో మొదలుపెట్టకూడదు. పాటలో పాత మాటలుంటాయి, లయ కోసం వాక్యం తిరగబడుతుంది. జొన్న రొట్టె ఎట్లా చేస్తారో చెప్పమను, చిన్నప్పటి పెళ్లి గురించి చెప్పమను. ఫ్యాన్ ఆపెయ్యి. రికార్డర్‌ను బల్ల మీద పెట్టకు, మడత పెట్టిన తువ్వాల మీద, నోటికి జానెడు దూరంలో పెట్టు. మొదట నీ గొంతుతో తేదీ, ఊరు, మాట్లాడేవాళ్ల వయసు చెప్పు. వాళ్లు ఎక్కడెక్కడ బతికారో కూడా అడుగు. పాలమూరు, దేవరకొండ జనం బొంబాయి, పుణె పనులకు పోయి ఏళ్లకు ఏళ్లు ఉన్నారు. ముసలమ్మ నోట్లో మరాఠీ మాట వినబడితే అది తాతల నాటిదో, పుణె మేస్త్రీ దగ్గర నేర్చుకున్నదో ఆ వివరం లేకుండా తేలదు. ఫైలు వేవ్ ఫార్మాట్‌లో ఉండాలి. దాన్ని వాట్సాప్‌లో పంపితే సౌండ్ కుదించుకుపోవచ్చు, ఆ కాపీని పరిశోధనకు వాడకూడదు. రెండు చోట్ల దాచు, ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో.

తర్వాత కూర్చొని రాయాలి. రికార్డింగ్ వింటూ దాని కింద మాటలు రాసుకునే ఎలాన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఒక వరుసలో ఐపీఏలో, అంటే ఏ భాష ధ్వనినైనా రాసే అంతర్జాతీయ గుర్తుల్లో, ఉచ్చారణ, దాని కింద ఒక్కొక్క ముక్కకు అర్థం, ఆ కింద తెలుగు. మొదట్లో ఒక్క నిమిషం మాటకు గంట పైనే పడుతుంది. విసుగొచ్చే పనే, కానీ భాషాశాస్త్రం నేర్పేది ఈ గంటే. ఒక చిక్కు ముందే చెప్తున్నా. నువ్వు తెలుగు బడిలో చదివావు. మన రోజువారీ తెలుగు మాటల్లో ఒత్తు అక్షరాలు గట్టిగా పలకం, ఘంటను గంట అనేస్తాం. లంబాడీలో "ఘోడో" అంటే ఆ మొదటి అక్షరంలో ఊపిరి ఉందా, ఎంత ఉంది, మీ తండాలో ఒక తీరు, పక్క మండలంలో ఇంకో తీరు ఉందా అన్నది నీ చెవి దాటేస్తుంది. అందుకే ప్రాట్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఆ ముక్క తెరిచి తరంగం చూడాలి. అదీ ఉచితమే. అనుమానం వచ్చిన ప్రతి మాటనూ ముగ్గురి నోట వినాలి.

ఎవరినైనా రికార్డ్ చేసేముందు దేనికి చేస్తున్నావో వాళ్ల భాషలోనే చెప్పి ఒప్పుకున్నాకే చెయ్యి. మధ్యలో ఇంటి గొడవ వస్తే అది నీది కాదు, తీసెయ్యి. వాళ్ల గొంతు వాళ్ల ఫోన్‌లో వేసి ఇవ్వు.

ఇంకొకటి ఉంది, ఇది మనసులో పెట్టుకో. నువ్వు తండా పిల్లవని తెలియగానే నిన్ను సమాచారం ఇచ్చే మనిషిగా వాడుకోవాలని చూసేవాళ్లు ఎదురవుతారు. "ఈ యాభై వాక్యాలు చెప్పమ్మా" అంటారు, నువ్వు చెప్తావు, వ్యాసంలో కింద చిన్న అక్షరాల్లో థాంక్స్ ఉంటుంది. ఇట్లా ఎంతమంది తెలివైన పిల్లలు ఆగిపోయారో నేను చూశాను. సాయం చెయ్యి, కానీ విశ్లేషణలో నీ చెయ్యి ఉంటే రచయితగా నీ పేరు ఉండాలని మొదటి రోజే అడుగు. అడిగితే పొగరు అంటారేమోనని జంకకు. అడగకపోతే ఇంకో పదేళ్ల తర్వాత కూడా నువ్వు వాళ్లకు వాక్యాలు చెప్తూనే ఉంటావు.

వ్యాసాలు తక్కువ రాయి, గట్టివి రాయి. భారత లింగ్విస్టిక్ సొసైటీ పత్రిక ఉంది, తిరువనంతపురంలోని ద్రావిడ భాషాశాస్త్ర సంఘం వాళ్ల పత్రిక ఉంది. డబ్బు కడితే వారంలో అచ్చు వేస్తామని మెయిళ్లు వస్తాయి, వాటి జోలికి పోకు.

ఉద్యోగాలు తక్కువే, దాచను. లింగ్విస్టిక్స్ శాఖలు దేశంలో ఎక్కువ లేవు, రెగ్యులర్ పోస్టుల నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ పడవు. పీహెచ్‌డీ అయ్యాక కొన్నేళ్లు గెస్ట్ ఫ్యాకల్టీగా, ప్రాజెక్టుల్లో గడపాల్సి రావచ్చు. కానీ 1969లో పెట్టిన మైసూరు భాషా సంస్థ ఉంది, అక్కడ భాషల డేటా పని నడుస్తుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికత కేంద్రం ఉంది. ఇప్పుడు మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌లు అన్ని భాషలకూ కావాలంటున్నారు. చక్కగా గుర్తులు పెట్టిన లంబాడీ డేటా చేతిలో ఉన్న మనిషికి ఆ పనిలో చోటు ఉంటుంది. అందుకే ఎం.ఏ.లో ఉండగానే కొద్దిగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకో. ఇంత చెప్పాక కూడా నాన్నకు దిగులు పోకపోతే బీఈడీ కూడా చేస్తానని చెప్పు, ఆ మాట నిలబెట్టుకో. టీచర్ ఉద్యోగం చేస్తూ మంచి పరిశోధన చేసినవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు.

వచ్చే నెల మొదటి ఆదివారం ఇంటికి రా. గ్రియర్సన్ ఆ భాగం నా దగ్గర జిరాక్స్ ఉంది, తీసిపెడతాను. నువ్వు మాత్రం ఖాళీ చేతులతో రాకు. పది నిమిషాల రికార్డింగ్, అందులో కనీసం మొదటి రెండు నిమిషాలు ఐపీఏలో రాసి తీసుకురా. తప్పులున్నా పర్వాలేదు, పక్కపక్కన కూర్చొని దిద్దుదాం. నాన్నను కూడా తీసుకురా, ఫెలోషిప్ సంగతి నేనే మాట్లాడతాను.

మీ పెద్దమ్మ