ఎండతోనే నీటి నుంచి హైడ్రోజన్ తీయవచ్చా?

సోలార్ ప్యానెల్ లేకుండా వెలుగుతోనే నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయవచ్చా, ఇంట్లో పెట్టుకోగలమా అని అడిగారు.

తీయవచ్చు. ల్యాబులో కొన్నేళ్లు నేను చేసిన పని అదే. కరెంటు పారే పూత ఉన్న గాజుపలక మీద టైటానియం డయాక్సైడ్ పల్చగా పూసి, దాన్ని ప్లాటినం తీగకు కలిపి ద్రావణంలో ముంచుతాం. కొద్దిగా వోల్టేజీ సాయం ఇచ్చి, జినాన్ దీపానికి ఉన్న అడ్డు తీయగానే మీటరులో కరెంటు లేస్తుంది. అడ్డు పెడితే పడిపోతుంది. వెలుగు పడుతున్నంతసేపూ తీగ చుట్టూ సన్నటి బుడగలు పుట్టుకొస్తాయి. అదే హైడ్రోజన్. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరేది కాదు.

జపాన్‌కు చెందిన ఫుజిషిమా, హోండా ఈ సంగతిని 1972లోనే నేచర్ పత్రికలో ప్రకటించారు. మరి ఇన్నేళ్లయినా మన డాబాల మీదికి ఎందుకు రాలేదు? టైటానియం డయాక్సైడ్ పీల్చుకునేది అతినీలలోహిత కిరణాలనే. ఎండలో వాటి వాటా సుమారు ఐదు శాతం. కంటికి కనిపించే వెలుగును పట్టే కాడ్మియం సల్ఫైడ్ లాంటివి వాడదామంటే, నీళ్లలో ఆ వెలుగుకే అవి కరిగిపోతాయి. పొద్దున బ్రహ్మాండంగా పనిచేసిన పలక సాయంత్రానికి నీరసించిపోతుంటే ప్రాణం ఉసూరుమనేది. ఈ రంగంలో అసలు పోరాటం మన్నిక కోసమే అని నా అభిప్రాయం.

అందుకే టోక్యో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త డొమెన్ బృందం పని అంటే నాకు చాలా గౌరవం. వెలుగుతో నేరుగా నీటిని విడగొట్టే 100 చదరపు మీటర్ల పలకలను ఆరుబయట నెలల తరబడి నడిపి, 2021లో ఫలితాలు ప్రకటించారు. అయినా ఎండలోని శక్తిలో హైడ్రోజన్‌గా మారింది గరిష్ఠంగా 0.76 శాతమే. 20 శాతం సామర్థ్యమున్న మామూలు సోలార్ ప్యానెల్‌కు 70 శాతం సామర్థ్యమున్న ఎలక్ట్రోలైజర్ (కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రం) తగిలిస్తే 14 శాతం వస్తుంది. ప్రస్తుతానికి నడిచే దారి ఇదే. అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్ కూడా ఈ కోవలోదే.

ఇంటికి మాత్రం వద్దంటాను. కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. ఆ కరెంటుతో నేరుగా ఇల్లు నడుపుకోవడమే లాభం. గాలిలో 4 శాతం కలిసినా ఈ వాయువు అంటుకుంటుంది కూడా.

పిల్లల సైన్స్ ప్రాజెక్టు కోసమైతే చిన్న సోలార్ ప్యానెల్, రెండు పెన్సిల్ ములుకులు, నీళ్లలో కాస్త వాషింగ్ సోడా చాలు. ఉప్పు మాత్రం వేయకండి, క్లోరిన్ వస్తుంది. ఆరుబయటే చేయించండి, వాయువును సీసాలో పట్టనివ్వకండి.