'పాండరస్' అంటే గంభీరమా?

సందేహం: ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో ఒక రచయిత శైలిని 'పాండరస్' అన్నారు. నేను 'గంభీరమైన శైలి' అని రాస్తే మిత్రులు ఒప్పుకోవడం లేదు. ఆ విశేషణానికి అసలు అర్థమేమిటి? ఎక్కడి నుంచి వచ్చింది?
– ఒక అనువాదకురాలు, చెన్నై

సమాధానం: మీ మిత్రుల మాటే సరి. గంభీరమంటే లోతైనది, శైలి గంభీరంగా ఉందంటే మెచ్చుకోలు. పాండరస్ అన్నది ఆక్షేపణ. ఆ రచయితను తప్పుబట్టిన వాక్యం మీ చేతిలో పొగడ్తయింది.

లాటిన్‌లో 'పోండుస్' అంటే బరువు. దాని విశేషణమే ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో చేరింది. మొదట నిజంగా బరువైన వస్తువులకే వాడేవారు. బరువైనది చురుగ్గా కదలదు కనుక మందకొడి నడకకూ, అక్కడి నుంచి విసుగు పుట్టించే ప్రసంగాలకూ, రాతలకూ పాకింది.

ఈ మాట చుట్టాలు మనకు కొత్తవారు కారు. తూచడం, వేలాడదీయడం అనే అర్థాలున్న లాటిన్ ధాతువు 'పెండ్' నుంచే పెండ్యులం వచ్చింది. పూర్వం లోహాన్ని తూచి చెల్లించేవారు, అందుకే పెన్షనూ ఆ ఇంటిదే. పౌండు సరేసరి. మీ టి.నగర్ నగల దుకాణాల్లో తమిళులతో పాటు మనవాళ్లూ 'నాలుగు పవున్ల గొలుసు' అంటారు కదా, ఆ పవును ఈ పౌండే. ఒక పౌండు విలువ చేసే బ్రిటిష్ బంగారు నాణెం సావరిన్ బరువు 7.98 గ్రాములు, ఇప్పుడు పవును లెక్క 8 గ్రాములు. లోతుగా ఆలోచించడాన్ని ఇంగ్లీషులో 'పాండర్' అనడమూ ఇందులోంచే. మనం తూచి మాట్లాడమంటాం, ఊహ ఒక్కటే.

ఇక తెలుగులో ఏమనాలి? వస్తువుకైతే 'బరువైన' చాలు. నడకకు 'మందగమనం' వద్దు, అది మనకు కావ్యనాయికల సొగసు. శైలికి 'పాషాణపాకం' అనాలనిపించవచ్చు. కానీ అది అర్థం ఓ పట్టాన చిక్కని రచనకు చెల్లుతుంది. పాండరస్ రచన అర్థం కాకపోదు, ఎంతకీ ముందుకు సాగదు. సంస్కృత సమాసాలు దట్టించిన శైలి కూడా చకచకా పరుగెత్తవచ్చు. దాన్ని ఈ మాటతో నిందించడం అన్యాయం. మీ వాక్యంలో 'ఆయన శైలి బరువుగా, సాగతీతగా ఉంటుంది' అని రాయండి.