డెలివరీ గ్యాస్‌లో మార్ఫిన్ ఉండదు అక్కా
అక్కా, డెలివరీ నొప్పులకి మాస్క్‌తో ఇచ్చే గ్యాస్‌లో మార్ఫిన్ కలుపుతారా అని భయపడుతున్నారు కదా, కలపరండి, అది సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్, అంతే. కాకపోతే అది బ్రెయిన్ స్టెమ్‌లో, అంటే వెన్నుపాముకి కలిసే మెదడు కింది భాగంలో, మన ఒంట్లోనే తయారయ్యే ఓపియాయిడ్లని, అంటే మార్ఫిన్ లాంటి పదార్థాలని, విడుదల చేయిస్తుంది, వాటివల్ల అక్కణ్ణించి వెన్నుపాములోకి దిగే నరాలు నార్‌అడ్రినలిన్ అనే రసాయనం వదిలి పైకెళ్ళే నొప్పి సిగ్నల్‌ని తగ్గిస్తాయి. ఎలుకలకి నలోక్సోన్, అంటే మార్ఫిన్‌కి విరుగుడు, ఇచ్చి చూస్తే ఈ గ్యాస్ కూడా నొప్పిని సరిగ్గా తగ్గించలేకపోయింది, అసలు విషయం అలాగే బయటపడింది.

నొప్పి మొదలవుతుందనగానే పీల్చండి, పనిచేయడానికి అర నిమిషమైనా పడుతుంది, పీక్‌లో మొదలుపెడితే లాభం ఉండదు. మాస్క్ మీరే పట్టుకోండి, తీసేస్తే కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది. బి12 తక్కువుంటే మాత్రం ముందే డాక్టర్‌కి చెప్పండి, మర్చిపోవద్దు.