పాతబస్తీ స్నేహితుడు ఇఫ్తార్‌కి పిలిస్తే: ‘బోల్కే’తో మొదలుపెట్టండి

భీమవరంలో పెరిగి హైదరాబాద్‌కి ఉద్యోగానికొచ్చారు, యాకుత్‌పురా కుర్రాడు స్నేహితుడయ్యాడు, ఇఫ్తార్‌కి ఇంటికి రమ్మన్నాడు. ఎలా మెలగాలి, అతని దగ్గర ఏం నేర్చుకోవచ్చు అని కదా మీరడిగింది.

ముందు భాష. హిందీ సరిగ్గా రాదని జంకకండి, వాళ్లు మాట్లాడే హైదరాబాదీ ఉర్దూ, అంటే దక్కనీ, వాక్యం నడక చాలాచోట్ల మన తెలుగుదే. ‘వస్తానని చెప్పాడు’లోని మన ‘అని’ అక్కడ ‘బోల్కే’ అవుతుంది: ‘ఆతుఁ బోల్కే బోలా’. ఉత్తరాది ఉర్దూలో ఇలా ఉండదు. నక్కో అంటే వద్దు, హౌ అంటే అవును, కైకు అంటే ఎందుకు. బాత్‌కి బహువచనం బాతాఁ, లోగ్‌కి లోగాఁ. ‘పర్సోఁ’ దగ్గర మాత్రం జాగ్రత్త. నిఘంటువులో మొన్న, ఎల్లుండి అని ఉంటుంది గానీ హైదరాబాదీ నోట అది పోయిన నెలైనా కావచ్చు, మూడేళ్ల కిందటైనా కావచ్చు. మన ‘మొన్నామధ్య’ అనుకోండి, సరిపోతుంది. స్నేహితుణ్ని ‘తు’ అన్నా చెల్లుతుంది, వాళ్ల అమ్మానాన్నల్ని ‘ఆప్’ అనాల్సిందే.

సూర్యాస్తమయానికి పావుగంట ముందే చేరండి. నేలమీద పరిచిన గుడ్డే దస్తర్‌ఖాన్, దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లి కూర్చోవాలి. అజాన్ వినపడేదాకా చెయ్యి పెట్టొద్దు. ఖర్జూరం, నీళ్లు అయ్యాక వాళ్లు మగ్రిబ్ (సూర్యాస్తమయం) నమాజుకి లేస్తారు, మీరు కూర్చునే ఉండొచ్చు. పళ్లు పట్టుకెళ్తే ఏ పేచీ లేదు. జెలటిన్ ఉండే మిఠాయిలు, మద్యం కలిసిన చాక్లెట్లు వద్దు. శాకాహారులైతే ముందురోజే చెప్పేయండి. హలీంలో గోధుమ, మాంసం గంటల తరబడి ఉడికి ఘోట్నా (మెదిపే కర్ర) కింద నలిగి ఒకటైపోతాయి, ఏరి పక్కన పెట్టడానికి ఏమీ మిగలదు.

‘మీవాళ్లు ఇలా ఎందుకు చేస్తారు’ అని మాత్రం అడక్కండి, పాపం అతను మొత్తం మతానికి సంజాయిషీ చెప్పుకోవాల్సొస్తుంది. ‘మీ ఇంట్లో ఎలా చేస్తారు’ అనండి, మాట దానంతటదే సాగుతుంది. ఖుబానీ కా మీఠా (ఎండు ఆప్రికాట్ల తీపి వంటకం) ఎలా చేస్తారో అడిగి చూడండి. మామూలుగా ఇలా ఉంటుంది. ఎండు ఖుబానీలు పావుకిలో, గింజ ఉన్న గోధుమరంగువి కావాలి (గింజ తీసేసిన నారింజరంగువి పుల్లగా ఉంటాయి, పైన వేసే పప్పూ దొరకదు). కడిగి, మునిగేలా నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి గింజలు తియ్యాలి. నానిన నీళ్లు పారబొయ్యకుండా వాటిలోనే సన్నసెగ మీద అరగంటకు పైగా మెదుపుతూ ఉడికించాలి. పండు మెత్తబడ్డాకే వంద గ్రాముల పంచదార. తొందరపడి ముందే వేస్తే తొక్క గట్టిపడి ముక్కలు ముక్కలుగా ఉండిపోతుంది. గింజలు పగలగొడితే లోపల బాదంలాంటి పప్పు ఉంటుంది. ఒక్కోటి కొరికి చూసి చేదువి పారేయండి, తియ్యనివి మీఠా మీద మలాయితో పాటు వేస్తారు.