దత్తత బిడ్డ వయసు మార్చుకుంటే డబ్బు లెక్క ఎలా మారుతుంది?

ప్రశ్న: మేమిద్దరం అమెరికా పౌరసత్వం ఉన్న తెలుగువాళ్లం, టెక్సస్‌లో ఉంటున్నాం. భారతదేశం నుంచి రెండు నుంచి నాలుగేళ్ల లోపు బిడ్డను దత్తత తీసుకోవాలని నమోదు చేసుకున్నాం. ఎదురుచూపు ఎంతకీ తెగకపోవడంతో ఆరేడేళ్ల బిడ్డకు కూడా సిద్ధపడుతున్నాం. దత్తత కోసం దాచిన డబ్బులో కొంత మిగులుతుందా? మిగిలితే బిడ్డ చదువు కోసం దాచే 529 పొదుపు ఖాతాలో వేయవచ్చా?

జవాబు: దత్తత ఖర్చు పెద్దగా తగ్గదు. విదేశీ దత్తతకు భారత నిబంధనల్లో ఉన్న 5,000 డాలర్ల రుసుము బిడ్డ వయసును బట్టి మారదు. పైగా మీ హోమ్ స్టడీ (మీ కుటుంబం దత్తతకు తగినదో కాదో పరిశీలించిన నివేదిక), విదేశీ దత్తతకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఐ-800ఏ అనుమతి నాలుగేళ్ల లోపు బిడ్డకే ఉన్నాయి కనుక, హోమ్ స్టడీని సవరింపజేసి ఆ అనుమతిలో మార్పు కోరే సప్లిమెంట్ 3 ఫారం ద్వారా అమెరికా వలస శాఖ యూఎస్‌సీఐఎస్‌కు పంపాలి. అంతకంటే ముందు మీ ఇద్దరి వయసుల మొత్తం చూసుకోండి: భారత దత్తత నిబంధనల (2022) ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు అది 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల బిడ్డకు 100 దాటకూడదు. తర్వాత మళ్లీ చిన్న వయసుకు మారే వీలుంటుందో లేదో మీ ఏజెన్సీ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

అసలు మార్పు బిడ్డ ఇంటికి వచ్చాక కనిపిస్తుంది. ఏడేళ్ల బిడ్డకు తన జ్ఞాపకాలు, తన స్నేహితులు, బహుశా మరాఠీయో ఒడియానో అయిన తన భాష ఉంటాయి. మీ ఇంట్లో మాట్లాడే తెలుగూ, బడిలో వినబడే ఇంగ్లీషూ రెండూ కొత్తే. మొదటి నెలల్లో మీలో ఒకరు ఇంట్లో ఉండడం నా దృష్టిలో తప్పనిసరి. అర్హత ఉన్న ఉద్యోగులకు ఎఫ్‌ఎంఎల్‌ఏ చట్టం దత్తతకు 12 వారాల సెలవు ఇస్తుంది కానీ జీతం ఇవ్వదు. కాబట్టి ఒకరి మూడు నెలల జీతం, కౌన్సెలింగ్‌కూ ట్యూషన్‌కూ కొంత విడిగా పొదుపు ఖాతాలోనే ఉంచండి.

పన్ను రాయితీని ఈ నగదులో భాగంగా లెక్కపెట్టుకోవద్దు. 2025కు దత్తత క్రెడిట్ (దత్తత ఖర్చుకు పన్నులో ఇచ్చే తగ్గింపు) గరిష్ఠంగా 17,280 డాలర్లు, అందులో 5,000 వరకు కట్టాల్సిన పన్ను లేకపోయినా తిరిగి వస్తుంది. అయితే విదేశీ దత్తతలో అది ఖరారైన సంవత్సరం వచ్చేదాకా క్లెయిము చేయలేరు. ప్రత్యేక అవసరాలున్న బిడ్డ అయితే ఖర్చుతో పని లేకుండా పూర్తి క్రెడిట్ వస్తుందని కొందరు చెబుతారు, కానీ ఆ వెసులుబాటు అమెరికాలోని పిల్లల దత్తతకే వర్తిస్తుంది.

ఇక చదువు. ఏటా 6 శాతం రాబడి అనుకుంటే, పద్దెనిమిదేళ్లకు లక్ష డాలర్లు చేరడానికి మూడేళ్ల బిడ్డకు నెలకు సుమారు 344 డాలర్లు చాలు, ఏడేళ్ల బిడ్డకు సుమారు 537 కావాలి. వ్యవధి తగ్గినందుకు పరిహారంగా ఎక్కువ రిస్కు తీసుకోవద్దు. కాలేజీకి కొంత అప్పు తీసుకోవచ్చు, కానీ బిడ్డతో గడపాల్సిన ఆ మొదటి నెలలకు డబ్బు ముందే చేతిలో ఉండాలి. అందుకే 529లో పెట్టుబడి బిడ్డ ఇంటికి వచ్చి, ఇద్దరూ మళ్లీ పనిలో కుదురుకున్నాక మొదలుపెట్టండి.