మోడిఫై చేసిన బండి అమ్ముతున్నారా, రేటు ఇలా కట్టండి

ప్రశ్న: నా బండికి ఆరేళ్ళు. ఎగ్జాస్ట్ (సైలెన్సర్), ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) ట్యూన్, వెనక షాక్ అబ్జార్బర్, సైడ్ బాక్సులు, క్రాష్ గార్డులు, ఎక్స్‌ట్రా లైట్లు, కస్టమ్ పెయింట్ అన్నీ చేయించా. ఇదే మోడల్ మామూలు బండి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో 100కి పోతుంది అనుకుంటే నేను మాడ్స్ మీద పెట్టింది 40 దాకా ఉంటుంది. అందులో కనీసం 30 అయినా రావాలని 130కి యాడ్ పెట్టా, మూడు నెలలైంది, సరైన గిరాకీ ఒక్కటి కూడా తగల్లేదు. డీలర్ 78 ఇస్తా అంటున్నాడు. స్టాక్ పార్టులన్నీ, అంటే కంపెనీ నుంచి వచ్చిన ఒరిజినల్‌వి, నా దగ్గరే ఉన్నాయి, టైర్లు చైన్ సెట్ మాత్రం త్వరలో మార్చాలి. నెలకి 2 శాతం వడ్డీ పడే లోన్ ఒకటి ఉంది, బండి డబ్బులన్నీ దానికే కట్టేద్దామని ఆలోచన. ఎంతకి పెట్టాలి? డీలర్‌కి ఇచ్చేయాలా?

జవాబు: మీరు 100 లెక్కలో రాయడం బాగుంది, నేను కూడా అదే లెక్కలో చెప్తా. ముందు డీలర్ సంగతి, 78కి ఇప్పుడే ఇవ్వకండి. కానీ 130 కూడా వదిలేయండి, ఆ రేటు రాదు. ఎందుకు రాదో అర్థమైతే ఎంత వస్తుందో మీకే తెలిసిపోతుంది.

మీరు పెట్టిన 40, పెట్టిన రోజే ఖర్చైపోయింది. ఆ ఎగ్జాస్ట్ సౌండ్, ఆ సస్పెన్షన్ సుఖం ఇన్నేళ్ళు మీరు అనుభవించారు, దానికే ఆ డబ్బు సరిపోయింది. కొనేవాడు మీ ఖర్చుకి డబ్బులివ్వడు, అతనికి అందులో ఏం పనికొస్తుందో దానికే ఇస్తాడు. అమ్మబోతే అడవి కొనబోతే కొరివి అని ఊరికే అనలేదు, మన చేతిలో ఉన్న వస్తువుకి మనం వేసే వెల ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ కలిసి ఒక పేపర్ వేశారు, స్టూడెంట్స్‌లో సగం మందికి కాఫీ కప్పులు ఇచ్చి అమ్ముతారా అని అడిగితే, కప్పు చేతికొచ్చిన వాళ్ళు చెప్పిన రేటు, కొనేవాళ్ళు ఇస్తామన్న రేటుకి దాదాపు రెట్టింపు. కొన్ని నిమిషాల క్రితం చేతికొచ్చిన కప్పుకే అంత తేడా ఉంటే, ఏళ్ళ తరబడి ఒక్కో పార్టు ఏరికోరి తెచ్చి బిగించుకున్న బండికి ఎంతుంటుందో చూడండి. ఇది మీ తప్పు కాదు, అందరికీ ఉండేదే, కాకపోతే రేటు కట్టేటప్పుడు దాన్ని పక్కన పెట్టాలి.

ఇంకో కారణం ఏంటంటే మాడ్స్ పెరిగేకొద్దీ కొనేవాళ్ళు తగ్గుతారు. మామూలు బండి కావాలనుకునే వాళ్ళు వంద మంది ఉంటే, అదే ఎగ్జాస్ట్ అదే కలర్ అదే సెటప్ కావాలనుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు, వాళ్ళలో సరిగ్గా ఇప్పుడు చేతిలో డబ్బుండి వెతుకుతున్నవాళ్ళు ఎంతమంది? మిగతావాళ్ళకి మోడిఫై చేసిన బండి అనగానే మొదట వచ్చే డౌట్ "దీన్ని బాగా ఉతికేసుంటాడు" అనే. వైరింగ్ ఎవరు ముట్టుకున్నారో, ఇంజన్ ఎంత వేడెక్కిందో అని భయపడతాడు, ఆ భయానికి కూడా కొంత కోసుకునే రేటు చెప్తాడు.

సరే, లెక్కలోకి వద్దాం. మొదట మాడ్స్ లేవనుకుని బండికి మాత్రమే రేటు కట్టండి. ఇక్కడ చాలామంది యాడ్స్‌లో కనిపించే రేట్లు చూసి సగటు తీస్తారు, అది తప్పు, ఎందుకంటే నెలల తరబడి కనిపించే యాడ్లు అమ్ముడుపోని బండ్లవి. ఒక రెండు మూడు వారాలు చూస్తూ ఉండండి, ఏ రేటు దగ్గర యాడ్ త్వరగా మాయమైపోతుందో అది నిజమైన రేటుకి దగ్గర, ఆ తర్వాత బేరంలో ఇంకొంచెం తగ్గే ఉంటుంది. మీ 100 అలా వచ్చిందా లేక యాడ్ రేట్ల సగటా అనేది ఒకసారి చెక్ చేసుకోండి, నేను మొదటిదే అనుకుని చెప్తున్నా.

అందులోంచి వెంటనే చేయాల్సిన ఖర్చు తీసేయాలి. టైర్లు, చైన్ సెట్ కలిపి ఒక 6 అనుకుందాం (మీ బండికి ఎంతవుతుందో కనుక్కుని వేసుకోండి), అంటే 94. టైర్ల విషయంలో గ్రిప్ చాలా ఉంది కదా అని వాదించడం వేస్ట్, టైర్ పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని, తెలిసినవాడు వచ్చీరాగానే వంగి చూసేది దాన్నే.

ఇప్పుడు మాడ్స్. వీటన్నిటినీ ఒకే మూటగా చూడొద్దు, ఒక్కోదాని దారి వేరు.

సైడ్ బాక్సులు, క్రాష్ గార్డులు ఎవరికైనా పనికొస్తాయి, బండి రూపం పెద్దగా మారదు. వీటికి కొంచెం కలుస్తుంది, పెట్టినంత కాదు.

షాక్ అబ్జార్బర్ మీకు బాగా ఖర్చైన ఐటం, కానీ దాని స్ప్రింగ్ మీ బరువుకి తగ్గట్టు తీసుకున్నది. మీకంటే 25 కిలోలు తక్కువ ఉన్నవాడికి అది గట్టిగా కొడుతుంది, ఎక్కువున్నవాడికి దిగిపోతుంది, వాడు మళ్ళీ స్ప్రింగ్ మార్చుకోవాలి. కాబట్టి అది బండి మీద ఉంటే దాదాపు విలువ లేదు, విడిగా దాని కోసమే వెతుకుతున్నవాడికి అమ్మితే సగం దాకా వస్తుంది. హ్యాండిల్ బార్, సీట్, ఫుట్ పెగ్స్ లాంటివి కూడా అంతే, మీ ఒంటికి సరిపోయేలా చేయించుకున్నవి ఇంకొకరి చేతికి వెళ్ళేసరికి విలువ పోతుంది.

ఎగ్జాస్ట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ బేరాలు చెడేది దీని దగ్గరే. దాని మీద గుండ్రటి గీత లోపల ఈ అనే ఇంగ్లీష్ అక్షరం, పక్కన అంకె ఉన్న ముద్ర ఉందేమో చూడండి, అది ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల కింద అప్రూవల్ వచ్చిన పార్టు అని గుర్తు, ఆ నిబంధనలు పాటించే దేశాల్లో ఆ ముద్రకి విలువుంటుంది. ముద్ర లేకపోయినా, లోపల సౌండ్ తగ్గించే బాఫిల్ తీసేసినా, పొగలో విషవాయువులు తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసినా మాత్రం కొనేవాడు దాన్ని ఒక తలనొప్పిగానే లెక్కేస్తాడు, ఇన్‌స్పెక్షన్ ఉన్నచోట బండి ఫెయిల్ కావొచ్చు, ఫైన్ పడొచ్చు. పైగా ఎగ్జాస్ట్, ఫిల్టర్ మార్చి ట్యూన్ చేయకపోతే మిక్స్చర్ లీన్ అయ్యి (గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గి) ఇంజన్ ఎక్కువ వేడెక్కొచ్చు అని తెలిసినవాళ్ళకి తెలుసు. మీరు ట్యూన్ చేయించారు, మంచిదే, ఆ డైనో షీట్ (ఇంజన్ పవర్ కొలిచిన రిపోర్ట్) ఉంటే జాగ్రత్తగా పెట్టుకోండి. కానీ ట్యూన్‌ని విడిగా అమ్మలేరు, అది ఆ ఎగ్జాస్ట్ కోసం చేసింది, స్టాక్ సైలెన్సర్ తిరిగి పెడితే ట్యూన్ కూడా కంపెనీ మ్యాప్‌కి (ఈసీయూలోని ఒరిజినల్ సెట్టింగ్‌కి) మార్పించాలి. ఇది మర్చిపోయి సైలెన్సర్ ఒక్కటే మార్చేస్తే బండి సరిగా నడవదు, టెస్ట్ రైడ్‌లోనే బేరం పోతుంది.

లైట్లకి బేరంలో ఏమీ కలవదు, కానీ తగ్గించడానికి మాత్రం బాగా పనికొస్తాయి. సీట్ తీసి చూడండి, అక్కడ నల్ల టేపు చుట్టిన వైర్లు, కంపెనీ వైర్‌ని గీరి అతికించిన జాయింట్లు కనిపిస్తే కొనేవాడికి బండి మొత్తం అలాగే ఉందనిపిస్తుంది. రిలే, ఫ్యూజ్ పెట్టి కనెక్టర్లతో నీట్‌గా చేసుంటే ఉంచండి, లేదంటే చిన్న ఖర్చుతో తీయించి ఒరిజినల్‌గా చేయించండి. పెయింట్‌కి ఏమీ రాదు, ఇంకొంచెం పోతుంది కూడా, ఎందుకంటే చాలాచోట్ల రిజిస్ట్రేషన్ పేపర్లలో కలర్ ఉంటుంది, మీరు మార్పించి ఉండకపోతే ముందు ఆ పని చూడండి. గార్డుల వల్ల పెరిగేది, పెయింట్ వల్ల తగ్గేది చెల్లుకు చెల్లు అనుకుందాం.

ఇప్పుడు మీ పార్టులు. మీరు విడివిడిగా ఖర్చు రాయలేదు కాబట్టి నేను అంచనా వేస్తున్నా, మీ బిల్లులు చూసి సరిచేసుకోండి. ఎగ్జాస్ట్‌కి 12 పెట్టుంటే విడిగా 6 వస్తుందనుకుందాం, షాక్‌కి 9 పెట్టుంటే 4. స్టాక్ పార్టులు తిరిగి బిగించడానికి, మ్యాప్ మార్చడానికి 2 పోతుంది. బాక్సులు బండితోనే ఉంచితే బండి రేటుకి ఒక 3 కలుస్తుంది. అంటే బండి 97, పార్టులు ఖర్చు పోను 8, మొత్తం 105. అదే ఏమీ తీయకుండా ఉన్నదున్నట్టు అమ్మితే, ఎవరో సరిగ్గా మీ టేస్ట్ ఉన్నవాడు దొరికితే 100 దాకా రావచ్చు, దొరక్కపోతే 94కే ఇవ్వాల్సి వస్తుంది. కాబట్టి స్టాక్‌కి మార్చి అమ్మండి. ఇందులో ఇంకో లాభం, బండి త్వరగా పోతుంది, పెద్ద మొత్తం ముందే చేతికొస్తుంది, పార్టులు మెల్లగా అమ్ముకోవచ్చు, వాటికి ఇన్సూరెన్స్ కట్టక్కర్లేదు, పార్కింగ్ అక్కర్లేదు. మీ దగ్గర స్టాక్ పార్టులు లేకపోయి ఉంటే సలహా వేరేగా ఉండేది, వాటిని కొనే ఖర్చుకే పార్టుల మీద వచ్చేదంతా పోతుంది.

ఇక మీరు గమనించని ఖర్చు ఒకటుంది, టైం. లోన్ వడ్డీ 2 శాతం అంటే బండిలో ఇరుక్కున్న ప్రతి 100కి నెలకి 2 పోతోంది. బండి పాతబడటం, ఇన్సూరెన్స్, అప్పుడప్పుడు స్టార్ట్ చేయకపోతే పాడయ్యే బ్యాటరీ, ఇవన్నీ కలిపి నెలకి ఇంకో 1 వేసుకోండి. నెలకి 3. మూడు నెలలు 130 దగ్గర కూర్చున్నందుకు ఇప్పటికే 9 పోయింది. ఈరోజు 100 వస్తే, అది ఆర్నెల్ల తర్వాత వచ్చే 118తో సమానం. డీలర్‌కీ మీ రేటుకీ తేడా 97 మైనస్ 78, అంటే 19, నెలకి 3 చొప్పున ఆరు నెలల పైన. స్టాక్‌కి మార్చిన బండి సరైన రేటుకి పెడితే ఆరు నెలలు పట్టకూడదు, అందుకే 78కి ఇవ్వొద్దన్నాను. కానీ స్టాక్‌కి మార్చాక అదే డీలర్‌ని, ఇంకో ఇద్దర్ని మళ్ళీ అడగండి, మాడ్స్ భయం పోయాక వాళ్ళ రేటు పెరిగే ఛాన్స్ ఉంది, వాళ్ళలో ఎక్కువ చెప్పిన రేటే మీ కింది హద్దు, దానికంటే కిందికి ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

యాడ్‌లో 102 పెట్టండి, 94 దగ్గర ఆగండి. మొదటి రెండు వారాల్లో బండి చూడటానికి ఎవరూ రాకపోతే 99 చేయండి, ఇంకో రెండు వారాలకి 96. ఈ తేదీలు ఇప్పుడే రాసిపెట్టుకోండి, అప్పుడప్పుడు మూడ్‌ని బట్టి తగ్గించొద్దు. మొదటి రోజే చూడకుండా డబ్బులు పంపిస్తా అనేవాళ్ళు క్యూ కడితే మాత్రం తొందరపడకండి, రేటు తక్కువ పెట్టారేమో చూసుకోండి, లేదా అది మోసం కావచ్చు, డబ్బు అకౌంట్లో పడ్డాక మీ బ్యాంక్ దగ్గర కన్ఫర్మ్ చేసుకోకుండా బండి, పేపర్లు ఇవ్వొద్దు.

ఏం మార్చారో, ఏం తిరిగి స్టాక్ చేశారో యాడ్‌లోనే రాసేయండి. దాస్తే తర్వాత గొడవ, కొన్నిచోట్ల మాడ్స్ చెప్పకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ కూడా తిరస్కరిస్తారు, ఆ ఇబ్బంది కొత్త ఓనర్ నెత్తిన పడకూడదు. ముందు వైపు స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ళ చక్రం) మార్చి ఉంటే అది కూడా చెప్పండి. స్పీడ్ సెన్సర్ గేర్‌బాక్స్ దగ్గర ఉండే బండ్లలో 15 పళ్ళ స్ప్రాకెట్ తీసి 14 పళ్ళది వేస్తే మీటర్ ఎక్కువ చూపిస్తుంది, అప్పట్నుంచి 15,000 కిలోమీటర్లు తిరిగినట్టు ఉంటే నిజంగా తిరిగింది 14,000. ఇది చెప్పినందుకు మీకే లాభం, చాలామందికి తెలియక వదిలేస్తారు. సర్వీస్ బిల్లులు తేదీల వారీగా ఒక ఫైల్‌లో పెట్టండి, వాల్వ్ క్లియరెన్స్ (ఇంజన్ వాల్వుల దగ్గర గ్యాప్) చెక్ చేయించిన బిల్లు ఉంటే పైన పెట్టండి, ఖర్చుతో కూడిన పని అయిపోయిందని తెలిస్తే బేరం అక్కడే సగం తెగుతుంది. చూడటానికి వచ్చేముందు బండి స్టార్ట్ చేసి వేడి చేయకండి, ఇంజన్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూసేవాళ్ళుంటారు, చల్లటి బండి ఒక్క సెల్ఫ్‌కి స్టార్ట్ అయితే మీరు ఇంకేం చెప్పక్కర్లేదు.

బండి డబ్బు వచ్చిన రోజే లోన్‌కి కట్టేయండి, ముందుగా కడితే పెనాల్టీ ఏమైనా ఉందా అని ఇప్పుడే లోన్ ఇచ్చినవాళ్ళని అడిగి పెట్టుకోండి. పార్టులు అమ్మగా వచ్చేది కూడా అందులోకే, కొత్త హెల్మెట్‌కో ఇంకో బండికి అడ్వాన్స్‌కో కాదు.