నాయన నడిపిన ట్యాంకు, చిట్టీ డబ్బులు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో మెయింటెనెన్స్ ఫిట్టర్‌ని. జీతం 36,000. మా ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టి నెలకు 9,000 దాకా తెస్తుంది. పాప పదో తరగతి, బాబు ఏడు. సొంత ఇల్లు. బ్యాంకులో 1,20,000 బంగారం లోను ఉంది, వడ్డీ 11 శాతం, నెలనెలా కడుతున్నాను. నెలకు 10,000 చొప్పున 20 నెలల చిట్టీ, 2 లక్షలది, 13వ నెల నడుస్తోంది. ఇంకా ఎత్తలేదు. అన్నీ పోగా నెలకు 4,500 మిగులుతుంది. మా నాయన ఆర్మీలో టీ-55 ట్యాంకు డ్రైవర్. 1971 యుద్ధంలో ఉన్నాడు. నిరుడు పోయాడు. ఆయన గుర్తుగా ఆ ట్యాంకును నాలుగో వంతు సైజులో, రిమోట్‌తో నడిచేలా ఇంట్లోనే చేయాలని ఉంది. లెక్క వేస్తే 2,40,000 తేలింది. చిట్టీ పాడి, తక్కువ పడ్డది పర్సనల్ లోను తీసుకోనా? ఫంక్షన్లకు, స్కూళ్లకు అద్దెకిస్తే పెట్టింది తిరిగొస్తుందని మా బామ్మర్ది అంటున్నాడు. మా ఆవిడ మాత్రం ఈ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతోంది.

జవాబు: ముందు టేపు తీసుకుని మీ ఇంటి దర్వాజ కొలవండి. టీ-55 వెడల్పు 3.37 మీటర్లు. నాలుగో వంతు అంటే 84 సెంటీమీటర్లు. మూడడుగుల దర్వాజలో రెండు పక్కలా చెక్క పోతే లోపల మిగిలేది అంతకంటే తక్కువే. వెనక గదిలో ట్యాంకు పూర్తి చేసి, బయటికి తీయడానికి గోడ పగలగొట్టే ఖర్చు మీ లెక్కలో కనిపించలేదు.

నవ్వులాటకు అనడం లేదు. మీ లెక్క తప్పిందంతా సైజు దగ్గరే. అసలు టీ-55 బరువు 36 టన్నులు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ నాలుగో వంతుకు తగ్గిస్తే బరువు 64వ వంతుకు తగ్గుతుంది, అంటే దాదాపు 560 కిలోలు. మీది లోపల డొల్లగా ఉండే బొమ్మ కాబట్టి అందులో సగమే అనుకున్నా 280 కిలోలు. దాన్ని కదిలించాలంటే ఈ-రిక్షా మోటార్ల స్థాయి కావాలి, వాటికి కరెంటును అదుపులో అందించే కంట్రోలరు, దానికి తగ్గ బ్యాటరీలు కావాలి. పంద్రాగస్టుకు స్కూలు దాకా తీసుకెళ్లాలంటే ట్రాలీ ఆటో, ఎత్తడానికి ఆరుగురు మనుషులు. అదే ఆరో వంతులో చేస్తే పొడవు 107 సెంటీమీటర్లు, వెడల్పు 56. బరువు 216వ వంతు, అంటే అచ్చంగా లెక్కేసినా 166 కిలోలు. డొల్లగా చేస్తే 70, 80 కిలోల్లో పడుతుంది. పొడవులో పోయింది మూడో వంతే, బరువులో పోయింది మూడింట రెండు వంతులకు పైనే. మోటార్ల నుంచి రవాణా దాకా ఇందులో ఖర్చు బరువు వెంటే నడుస్తుంది. మీ నాయన గుర్తుకు మీటరు పొడవు తక్కువేం కాదు.

ఇక చిట్టీ. ఈ నెల పాట 26,000కి పోయిందనుకుందాం. మీ చేతికొచ్చేది 1,74,000. ఆఖరి నెల దాకా ఆగితే, నిర్వాహకుడి కమీషన్ 5 శాతం తీసేసినా 1,90,000 వస్తుంది. అంటే ఏడు నెలలు తొందరపడినందుకు 16,000 పోతుంది. 2,40,000కి ఇంకా తక్కువ పడే 66,000కి 15 శాతం మీద మూడేళ్ల పర్సనల్ లోను తీసుకుంటే నెలకు దాదాపు 2,290 కిస్తీ, వడ్డీ కింద 16,000 పైచిలుకు. రెండూ కలిపితే 32,000. ఒక్క బోల్టు బిగించకముందే పోయే డబ్బు ఇది. పైగా ఎత్తిన చిట్టీకి మిగిలిన ఏడు వాయిదాలు కట్టాల్సిందే, బంగారం బ్యాంకులోనే ఉంటుంది, పాప ఇంటర్ అడ్మిషన్ నెత్తి మీదికొస్తుంది.

బంగారం విడిపించడానికైనా ఇప్పుడే చిట్టీ ఎత్తితే మేలు కదా అని అడుగుతారేమో. 1,20,000 మీద 11 శాతం వడ్డీ, ఏడు నెలలకు 7,700. దాన్ని తప్పించుకోవడానికి 16,000 వదులుకోవడం దండగ. ఆగండి. ఇంకో సంగతి. మీకు విడిగా దాచిన డబ్బు పెద్దగా లేదని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఎత్తని చిట్టీయే ప్రస్తుతం మీ అత్యవసర నిధి. రేపు ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అంటే ఆ నెల పాడుకోవచ్చు. దాన్ని ట్యాంకులో పోశాక అలాంటి అవసరమే వస్తే మిగిలేది రెండు రూపాయల వడ్డీకిచ్చే వాళ్ల గుమ్మం, అంటే ఏడాదికి 24 శాతం. చిట్టీ రిజిస్టర్ అయిందో లేదో కూడా ఈ వారమే చూసుకోండి. 1982 చట్టంలో నిర్వాహకుడి కమీషన్ 5 శాతం దాటకూడదని ఉండేది. 2019 సవరణతో దాన్ని 7 శాతం చేశారు. అంతకు మించి పట్టుకుంటుంటే పాస్‌బుక్ తీసుకెళ్లి కాగితం మీద లెక్క అడగండి.

బామ్మర్ది మాట పక్కన పెట్టండి. పెళ్లి ఊరేగింపులో డీజే బండి పక్కన అంత బరువున్న ఇనుము పిల్లల కాళ్ల మధ్య తిరిగితే, సిగ్నల్ పోయిన రోజు ఎవరి కాలో విరుగుతుంది. ఆ ఒక్క రోజుతో అద్దెలన్నీ ఆస్పత్రికి పోతాయి. మీరిది లాభం కోసం చేయడం లేదు, నాయన కోసం చేస్తున్నారు. ఖర్చును ఖర్చులాగే రాసుకుంటే దానికొక హద్దు పెట్టగలం. పెట్టుబడి అని పేరు పెట్టారంటే ఇంకో 20,000 పోయడానికి ప్రతి నెలా ఒక సాకు దొరుకుతుంది. గొట్టంలోంచి పొగ, శబ్దం వరకు సరే. గుండ్లు, పెల్లెట్లు కొట్టే ఆలోచన ఉంటే మాత్రం అది పోలీసుల పని, నా పని కాదు.

నేనూ ఈ గుంటలో పడి లేచినవాణ్నే. పాత స్కూటర్ ఒకటి కొని బాగు చేయిద్దామని 25,000 అనుకున్నాను. ముందు సీటు కవరు, అద్దాలు, మెరిసే బంపరు కొన్నాను, అవి చూస్తే మనసుకు హాయిగా ఉండేది కాబట్టి. ఇంజను మాత్రం మెకానిక్ షెడ్డులో గోనెసంచిలో ఎనిమిది నెలలు పడుంది. చివరికి 70,000 దాటింది. కాబట్టి పని వరస గురించి నేను చెప్పేది కొంత సొంత చేతులు కాల్చుకుని నేర్చుకున్నది.

మీ పని మొదలు కావాల్సింది ట్రాక్ దగ్గర, అంటే చక్రాల చుట్టూ తిరిగే ఇనుప చైను దగ్గర. టీ-55కి ఒక్కో పక్క దాదాపు 90 లింకులు, రెండు పక్కలా 180. డబ్బు జారిపోయేది ఇక్కడే. లింకు ఒక్కటి 110 పడితే 19,800. డ్రాయింగు కొంచెం మార్చినందుకు లింకు మీద పది రూపాయలు పెరిగిందంటే 1,800 ఎగిరింది. పిన్ను రంధ్రం అర మిల్లీమీటరు వదులైతే 90 లింకులకు కలిపి నాలుగున్నర సెంటీమీటర్లు సాగుతుంది, చైను చక్రం మీద నుంచి జారిపోతుంది, మొత్తం మళ్లీ చేయాలి. అందుకే మొదటి నెల నాలుగు లింకులు మాత్రమే చేయించండి. ఒకటి ఎంతకు పడిందో, ఎంతసేపు పట్టిందో, లాగితే ఎంత సాగిందో నోటు పుస్తకంలో రాయండి. లేజర్ కటింగ్, లేతు పని వేరువేరు చోట్ల ధర అడిగాకే 180కి ఆర్డరు ఇవ్వండి. మిల్లులో పాత చైన్లు, బేరింగులు పక్కన పడేసి ఉంటాయని మీకు నేను చెప్పక్కర్లేదు. ఓనరును అడిగి, తూకం వేయించి, డబ్బు కట్టి తెచ్చుకోండి. మిగతావాటికి సికింద్రాబాద్ రాణిగంజ్, ఎలక్ట్రానిక్స్‌కు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ ఉన్నాయి. రానుపోను దూరం కాబట్టి చీటీ రాసుకుని రెండు నెలలకోసారి వెళ్తే చాలు.

విదేశం నుంచి మెటల్ ట్రాక్ సెట్టు తెప్పించుకోవాలన్న ఆశ ఉంటే వదిలేయండి. బొమ్మల మీద బేసిక్ కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతం అయింది, 2023లో 70 శాతం. వచ్చిన పార్సిల్‌ను బొమ్మ కింద లెక్కేస్తే ధరతో పాటు సుంకానికీ మళ్లీ చిట్టీ వేయాలి.

ట్రాక్ తర్వాత చక్రాలు, ఫ్రేము. ఆ తర్వాత మోటార్లు. మోటార్ల దగ్గర పొదుపు చేయకండి. వరికోతలప్పుడు ఆయకట్టు మళ్లలో చైన్ హార్వెస్టర్‌ను చూసే ఉంటారు. నేరుగా పోయేటప్పుడు సాఫీగా పోతుంది, ఉన్నచోట తిరిగేటప్పుడు మట్టిని గీరి కుప్పేస్తుంది. ట్యాంకూ అంతే. రెండు మోటార్లలో ఒకటి ఆగి ఒకటి లాగుతుంది, కరెంటు ఒక్కసారిగా లేస్తుంది, చవక కంట్రోలరు అక్కడే మాడిపోతుంది. నేరుగా నడిపి చూసి 3,000 కంట్రోలరు కొన్నవాళ్లు చివరికి దాన్ని మూడుసార్లు కొంటారు. బ్యాటరీలు అన్నిటికంటే చివర. కొన్న రోజు నుంచే వారంటీ కరుగుతుంది, లెడ్ యాసిడ్ బ్యాటరీని చార్జి చేయకుండా మూలన పెడితే అదీ చచ్చిపోతుంది. టరెట్ (పైన తిరిగే ఫిరంగి భాగం), రంగు, సౌండు వీటికి తొందరేం లేదు. అట్టతో టరెట్ చేసి పెట్టినా ట్యాంకు నడుస్తుంది.

ఈ వరసలో ఒక సుఖం ఉంది. ట్రాక్, చక్రాలు అయ్యాక ఇక నావల్ల కాదనిపిస్తే అక్కడితో పోయేది 35,000. టరెట్, రంగు ముందు పెట్టుకుంటే లక్ష పోశాక గాని ఆ సంగతి తెలియదు.

ఆరో వంతుకు నా అంచనా: ట్రాక్ 21,000, చక్రాలు బేరింగులు 14,000, బాడీ 12,000, మోటార్లు 9,000, కంట్రోలరు 9,000, రిమోటు 5,000, బ్యాటరీలు 8,000, టరెట్ రంగు సౌండు 12,000. చెడిపోయి మళ్లీ చేసేవాటికి 15,000. మొత్తం 1,05,000. మీరు ఫిట్టర్ కాబట్టి కూలి వేయలేదు, మీ ఆదివారాలకు ధర కట్టలేదు.

మిగిలే 4,500లో 3,000 ట్యాంకుకు. దీనికి విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరవండి, ఒకటో తారీకున అందులో వేయండి, అందులో ఎంతుంటే ఆ నెల పని అంతే. ఖాతాలో 900 ఉంటే 900 పని చేయండి, లేదా గ్రీజు పూసి కూర్చోండి. చిట్టీ అయిపోయేసరికి 21,000 పని, అంటే ట్రాక్ మొత్తం అయి ఉంటుంది. అప్పుడు చేతికొచ్చే 1,90,000లో 1,20,000 బంగారానికి. మిగిలిన 70,000 ముట్టకండి, పాప ఇంటర్ మొదటి ఏడాది ఫీజు, ఆస్పత్రి లాంటి అవసరాలు అందులోంచే. నెలనెలా కట్టిన 10,000 ఖాళీ అవుతుంది కదా, అందులో 5,000 పాప ఇంజనీరింగ్ కోసం రెండేళ్ల ఆర్‌డీ, 3,000 అత్యవసర నిధికి, 2,000 ట్యాంకుకు. ట్యాంకు వాటా అప్పటి నుంచి 5,000. ఈ లెక్కన మొదలుపెట్టిన రెండేళ్లకు పూర్తవుతుంది.

బంగారం వడ్డీ కింద నెలకు పోతున్న 1,100 మిగులుతుంది. అది టర్మ్ పాలసీకి. మీరు రోజంతా తిరిగే యంత్రాల మధ్య పని చేస్తారు, ఇంట్లో ఇద్దరు పిల్లలు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. బంగారం విడిపించేదాకా ఆగకుండా ఈ నెలే బ్యాంకులో రెండు ఫారాలు నింపండి. ఏడాదికి 436కి జీవన్ జ్యోతి జీవిత బీమా, 20కి సురక్షా ప్రమాద బీమా. ఒక్కోటి 2 లక్షలు. ట్యాంకులో ఒక్క బేరింగు కొనే ముందే ఇవి చేయండి.

ఇక నెలకు మిగిలే 4,500లో ట్యాంకుకు పోగా ఉండే 1,500 గురించి. అది మీ ఆవిడ పేరు మీద ఆర్‌డీ. దేనికో ఆమెనే అడగండి. కుట్టు మిషన్‌కు మోటారు కావచ్చు, పీకో మిషన్ కావచ్చు. అది పెడితే ఆదాయం పెరుగుతుంది, ట్యాంకుతో పెరగదు. ఆ తేడా ఆమెకు మీకంటే ముందే తెలిసినట్టుంది. ఈ ఉత్తరం, నోటు పుస్తకం రెండూ ఆమె ముందు పెట్టండి. ట్యాంకు ఖాతా లెక్క నెలకోసారి ఆమె చూసేలా ఉంటే లేచి వెళ్లడం తగ్గుతుందని నా నమ్మకం.

చివరగా ఒక పని, దీనికి పైసా ఖర్చు లేదు. టీ-55కి పక్కకు ఐదు చక్రాలు, మొదటి దానికీ రెండో దానికీ మధ్య ఎడం మిగతావాటికంటే ఎక్కువ. పైన రోలర్లు ఉండవు, ట్రాక్ చక్రాల మీదే వాలి ఉంటుంది. డ్రాయింగులో ఐదూ సమాన దూరంలో గీశారేమో చూసుకోండి, మీ నాయన ఉంటే ముందు అదే పట్టుకునేవారు. నాలుగు లింకులూ అయ్యాక ఒక్కోటి ఎంత పడిందో రాయండి. 120 దాటితే ట్రాక్ ఆర్డరు ఇవ్వకుండా ఆగండి, లెక్క మళ్లీ వేద్దాం.